కోత్తగిరి బండికి కార్బరేటరా, ఇంజెక్షనా

సింగానల్లూరులో ఇంజిన్ పని నేర్చుకుంటున్న వాళ్ళు ఇప్పటికీ నన్ను వెతుక్కుంటూ వచ్చి అడిగే ప్రశ్న ఒకటుంది. "అవ్వా, పాత బండిలో వేరే ఇంజిన్ దించుతాండాము. కార్బరేటర్ వెయ్యల్నా, ఇంజెక్షన్ వెయ్యల్నా?" రెండు మాటల్లో జవాబు కావాలి వాళ్ళకు. నేను తిరిగి మూడు ప్రశ్నలు వేస్తాను. బండి ఎక్కడ తిరుగుతుంది? అందులో ఎవరు కూర్చుంటారు? ఆగిపోతే దాని పక్కన ఎవరుంటారు? సగం మంది అక్కడే విసుక్కుని వెళ్ళిపోతారు.

మిగిలిన సగం మంది కోసం ఇది రాస్తున్నాను. మా ఇంటి మాట తెలుగు, బడి చదువు తమిళం. తెలుగు అక్షరాలు మా నాన్న నేర్పినవి. తప్పులుంటే సర్దుకోండి. లెక్కల్లో మాత్రం తప్పులుండవు.

మిల్లు గది

నేను పధ్నాలుగేళ్ళు మిల్లులో, ఇరవై రెండేళ్ళు వర్క్‌షాపులో పని చేశాను. మొత్తం ముప్పై ఆరు. మొదటి పధ్నాలుగూ లేకపోతే తరువాతి ఇరవై రెండూ లేవు.

మిల్లులో నాది టెస్టింగ్ గది. నూలు తూకం వెయ్యడం, గదిలో తేమ చూడడం, దూది పోగులను నల్ల మఖ్‌మల్ పలక మీద పరిచి పొడుగు వారీగా వేరు చెయ్యడం. షిఫ్టుకు రెండుసార్లు అంకెలు రాయాలి. అంకె నచ్చకపోతే మళ్ళీ తియ్యవచ్చు, కొట్టెయ్యకూడదు. మా సూపర్‌వైజరమ్మ కొట్టివేత కనిపిస్తే పేజీ మొత్తం తిరిగి రాయించేది. ఆమెను అప్పుడు తిట్టుకున్నాను. ఇప్పుడు తిట్టుకోను.

మూడో షిఫ్టు ఎత్తేసినప్పుడు మా గదిలో ఆరుగురిని ఇద్దరు చేశారు. నేను మూడో దాన్ని. మిల్లు జనరేటర్ బాగుచెయ్యడానికి వచ్చే రంగసామి అన్నకు సింగానల్లూరులో సొంత వర్క్‌షాపు ఉండేది. ఆయనా మనవాళ్ళలోనే, ఇంట్లో తెలుగు మాట్లాడే మనిషే. ఒకరోజు గేటు దగ్గర ఆపి అడిగాడు.

"సరోజా, నాకు చేతులుండాయి, జ్ఞాపకం లేదు. ఏ బండికి ఏ జెట్టు వేసినానో మర్నాటికి మరిచిపోతాను. నువ్వొచ్చి రాస్తావా?"

"రాసేది మాత్రమే అయితే రాను అన్నా. విప్పేది కూడా నేర్పాల."

"చీర గ్రీసైతే మీ అమ్మ నన్ను కొడ్తుంది."

"చీర నాది, గ్రీసు మీది. మా అమ్మకేమి సంబంధం?"

సోమవారం చేరాను. శుక్రవారానికి మొదటి కార్బరేటర్ విప్పి, కడిగి, బిగించాను. ఒక స్క్రూ మిగిలింది. రంగసామన్న దాన్ని నా బల్ల మీద అంటించి వారం రోజులు తియ్యలేదు.

ఉక్కడం నుంచి వచ్చిన ఇంజిన్

కోత్తగిరికి పైన టీ తోటల మధ్య ఒక చిన్న క్లినిక్ ఉండేది. అందరూ సిస్టర్ అని పిలిచే ఒక నర్సు, వారానికి రెండు రోజులు డాక్టరు, ఒక బండి. కాన్పు కష్టమైన ఆడవాళ్ళను ఆ బండిలోనే కొండ దించి మేట్టుపాళయం ఆసుపత్రికి తేవాలి. బస్సు రోజుకు రెండే. బండి నడిపేవాడు డేనియల్, పోదనూరు రైల్వే కాలనీ అబ్బాయి, అప్పటికి ముప్పై దాటినవాడు. వాళ్ళ నాన్న లోకో షెడ్డులో ఫిట్టర్. ఇంట్లో వాళ్ళదీ తెలుగే, ప్రార్థన కూడా తెలుగులోనే.

బండి పాతది, వెనక పడక పట్టేంత పొడుగైనది. దాని ఇంజిన్ కొండ ఎక్కలేక అరిగిపోయింది. రంగసామన్న ఉక్కడం పాత సామాన్ల బజారులో ప్రమాదంలో నుజ్జైన విదేశీ కారు ఇంజిన్ ఒకటి పట్టుకొచ్చి అందులో దించాడు. ఇంజెక్షన్ ఇంజిన్ అది. పంపు, వైర్లు, కంప్యూటర్ పెట్టె అన్నీ దాంతోనే వచ్చాయి. ఆయన వాటన్నిటినీ విప్పి గోనెలో వేసి, మనకు తెలిసిన కార్బరేటర్ బిగించాడు. ఆ రోజుల్లో కోయంబత్తూరులో అందరూ అదే చేసేవారు. నేను గోనె మీద చీటీ రాసి అటక మీద పెట్టాను.

కార్బరేటర్ తప్పు పని చెయ్యలేదు, తన పని తాను చేసింది. కింద మేట్టుపాళయం వెయ్యి అడుగుల ఎత్తు, పైన ఆరువేలు. పైకి పోయేకొద్దీ గాలి పలచబడుతుంది, కార్బరేటర్ మాత్రం కింద పోసినట్టే పెట్రోలు పోస్తుంది. నల్ల పొగ, ఊపు తగ్గడం. పైన సరిపోయేట్టు జెట్టు, అంటే పెట్రోలు దూరే రంధ్రం, తగ్గిస్తే కింద ఇంజిన్ ఆకలితో వేడెక్కుతుంది. 125 నంబరు జెట్టు వేశాము, 115 వేశాము, 120 దగ్గర రాజీ పడ్డాము.

అసలు బాధ వేరే. ఎండలో కొండ దిగి, ఇంజిన్ ఆపి, పావుగంట తరువాత మళ్ళీ స్టార్ట్ చేస్తే పట్టదు. వేడికి పెట్రోలు పైపులోనే ఆవిరైపోతుంది. మనవాళ్ళు ఏర్ లాక్ అంటారు. డ్రైవర్లు పంపుకు తడిగుడ్డ చుట్టి కూర్చుంటారు. డేనియల్ అట్లా ఇరవై ఆరు నిమిషాలు కూర్చున్న రోజున, టైరు మార్చడానికి ఆగిన చోట, వెనక పడక మీద ఒకామె ప్రసవించింది. తల్లీబిడ్డా బతికారు. డేనియల్ మర్నాడే బండితో వచ్చాడు.

"అక్కా, తడిగుడ్డ పిండుతా నిలబడినాను. ఆ తల్లి అరుస్తాంది, నేను గుడ్డ పిండుతాండాను. ఇంగొకసారి నా వల్ల కాదు. వానకాలం లోపల సరి చేసియ్యండి. లేదా, బండిని నమ్మొద్దని సిస్టర్‌తో నేనే చెప్తాను. మనుషులు బస్సుకే కాచుకోనీ."

బస్సుకు కాచుకోవడమంటే ఏమిటో అతనికీ, నాకూ, రంగసామన్నకూ తెలుసు.

నా పట్టు

ఇంజెక్షన్ తిరిగి వేద్దామన్నది నేను. ఎత్తును బట్టి, వేడిని బట్టి పెట్రోలు కొలత అదే మార్చుకుంటుంది. పంపు ట్యాంకు దగ్గరుండి 36 పౌండ్ల ఒత్తిడితో నెడుతుంది, మిగిలింది ట్యాంకుకు తిరిగి వెళ్తుంది. పెట్రోలు పైపులో నిలబడదు కాబట్టి ఆవిరి కాదు.

రంగసామన్న ఒప్పుకోలేదు. "పెట్టెలో ఏముండాదో నీకు తెలుసునా? నాకు తెలుసునా? చెడిపోతే మూత తెరిచి దండం పెట్టల్సిందే."

"కార్బరేటర్‌కు తడిగుడ్డ చుట్టేదీ దండం పెట్టేదే కదన్నా."

ఆయన నవ్వలేదు. మూడు రోజులకు "సరి, నీ పేరు మీద చెయ్యి" అన్నాడు. ఆయనలో నేను గౌరవించింది అదే. తనకు నచ్చని పనిని కూడా అడ్డం పడి చెడగొట్టడు. ఆయనలో నచ్చనిది కూడా చెప్పాలి: పని చెడితే బండి వాడికి నిజం చెప్పడు.

పెట్రోలు తిరిగి రావడానికి ట్యాంకుకు కొత్త పైపు అతకాలి. ట్యాంకు దించి, కడిగి, పైపు అతికించి, లోపల తుడిచాను. దేనితో తుడిచానో ఇక్కడ రాయాలి. కోయంబత్తూరులో ఏ వర్క్‌షాపులో చూసినా ఒక మూల మిల్లు వేస్టు మూట ఉంటుంది. చేతులు తుడవడానికి అదే, ఇంజిన్ తుడవడానికి అదే. మాకు మిల్లులే దిక్కు, మిల్లు వేస్టే గుడ్డ. అందరూ మెలిపెట్టిన నూలు చిక్కులు వాడితే, నేను మాత్రం తెలిసినవాళ్ళ ద్వారా కోంబర్ వేస్టు తెప్పించేదాన్ని. దువ్వెన యంత్రం కింద పడే దూది, తెల్లగా, మెత్తగా ఉంటుంది. నా మూట చూసి మిగతావాళ్ళు "సరోజక్క ఇంజిన్‌కు పౌడర్ పూస్తాది" అనేవాళ్ళు. ఆ వేస్టునే కర్రకు చుట్టి ట్యాంకు లోపల నాలుగుసార్లు తిప్పాను.

బండి నలభై ఒక్క రోజులు పరీక్షగా నడిపించాము. అద్దం దగ్గర ఒత్తిడి మీటరు తాత్కాలికంగా కట్టాను. కొండ ఎక్కే ప్రతి ఎక్కుడులో, నిండు లోడులో, డేనియల్ చూసి చెప్పిన అంకె రాసుకున్నాను. ఒక్కసారి కూడా ఆగలేదు. మీటరు విప్పేసి బండి అప్పజెప్పాను. డేనియల్ మా అందరికీ కారం పల్లీలు కొనిపెట్టాడు.

నాలుగో వంపు

పంతొమ్మిది రోజుల తరువాత, మంగళవారం మధ్యాహ్నం రెండు నలభైకి, కొండ దిగుతున్న బండి నాలుగో వంపు దాటాక ఒక చిన్న ఎక్కుడులో ఆగిపోయింది. వెనక ఒకామె ఉంది, రక్తం పోతోంది. పక్కన సిస్టర్ ఉంది. డేనియల్ మూత తెరిచాడు. కార్బరేటర్ అయితే జెట్టు విప్పి నోటితో ఊదేవాడు. ఇక్కడ ఊదడానికేమీ లేదు. టీ ఆకు లారీని ఆపి, ఆమెను ఆకు మూటల మీద పడుకోబెట్టి దించారు. లారీ దొరికే దాకా ముప్పై ఐదు నిమిషాలు.

తల్లి బతికింది. బిడ్డ దక్కలేదు.

బండిని లాగి తెచ్చారు. ట్యాంకులో పైపు మూతికి ఉండే జల్లెడ తీసి చూస్తే బూడిద రంగు పొర ఒకటి దాన్ని కప్పేసి ఉంది. రంగసామన్న "పాత ట్యాంకు, మురికి" అన్నాడు. నేను ఆ పొరను పట్టకారుతో తీసి, శుభ్రమైన పెట్రోలులో కడిగాను. బూడిద రంగు పోయి తెల్లగా తేలింది. నల్ల కాగితం మీద పరిచి స్కేలు పెట్టాను. అన్నీ అర అంగుళం లోపు పోగులే. పధ్నాలుగేళ్ళు చేసిన పని అది, భూతద్దం కూడా అక్కర్లేకపోయింది.

కోంబర్ కింద పడేదే పొట్టి పోగు. పొడుగు పోగు నూలుకు పోతుంది, నిలవనిది కింద పడుతుంది. మెలిపెట్టిన నూలు చిక్కు అయితే మురికిగా కనిపిస్తుంది కానీ అంతగా రాలదు. తెల్లనిది రాలుతుంది. ఈ సంగతి ఆ వర్క్‌షాపులో తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే. అతికిన చోటి గరుకు అంచుకు చిక్కుకున్న దూదిని తిరిగి వచ్చే పెట్రోలు రోజూ కొంచెం కొంచెం కడిగి జల్లెడకు చేర్చింది.

తరువాత నోట్‌బుక్ తీశాను. ఎక్కుడు ఒత్తిడి: మొదటి వారం 36, రెండో వారం 36, మూడో వారం 35, నాలుగో వారం 35, అయిదో వారం 34, చివరి రోజుల్లో 33. అన్నీ నా చేతి రాతే, ఒక్క కొట్టివేత లేదు. 33 పక్కన "మధ్యాహ్నపు ఎండ" అని రాసుకున్నాను. ఎండ ముందు వారాల్లోనూ ఉంది. అంకెలు రాసినదాన్ని నేనే, వరుసగా చదవనిదాన్నీ నేనే. కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్ళు ఇంకేమి మరిచినా ఇది మరవకండి. రాసిన అంకెను వారానికొకసారి గీతగా గీసి చూడండి. గీత వంగితే బండి అప్పజెప్పకండి.

నల్ల కాగితం

రంగసామన్న ఆ కాగితాన్ని చూశాడు. తరువాత తలుపు దగ్గరికి వేశాడు.

"సరోజా, ఇది మన ఇద్దరితో ఉండనీ. విదేశీ సామాను, కొండకు సరిపడలే అని చెప్తాము. కార్బరేటర్ వేసిస్తాము. వాళ్ళకూ అదే కావాల."

"కార్బరేటర్ వేస్తే ఎండలో మళ్ళీ ఆగుతుందన్నా."

"ఆగితే గుడ్డ చుట్టుకుంటాడు. నీ తలమీద ఏంటికి పోసుకుంటావు? ఇంగ ఎవరూ నీకు బండి ఇయ్యరు."

ఆయన చెప్పిందాంట్లో అబద్ధం లేదు. నోరు మూసుకుంటే నా పని నిలుస్తుంది. కాకపోతే ఇంజెక్షన్ మీద నింద పడి, తడిగుడ్డ బండి మళ్ళీ కొండెక్కుతుంది. నా తప్పు దాచడానికి ఇంకొకామె రోడ్డు మీద కాచుకోవాలి. ఆ లెక్క నాకు కుదరలేదు.

మర్నాడు ఉదయం బస్సులో కోత్తగిరి పోయాను. క్లినిక్ వరండాలో సిస్టర్, డేనియల్ ఇద్దరూ ఉన్నారు. నల్ల కాగితం బల్ల మీద పెట్టి, ఏమి జరిగిందో మొదటి నుంచి చివరి దాకా చెప్పాను. వేస్టు నాది, తుడిచింది నేను, 33 చూసి వదిలింది నేను.

డేనియల్ లేచి మెట్ల దాకా పోయి వెనక్కు వచ్చాడు. "పల్లీలు కొనిపెట్టినాను నీకు" అన్నాడు.

బిడ్డ పోయింది ఆ ముప్పై ఐదు నిమిషాల వల్లేనా అని సిస్టర్‌ను అడిగాను. ఆమె చాలా కఠినమైన మనిషి. అబద్ధపు ఓదార్పు ఇవ్వలేదు, అనవసరపు నిందా వెయ్యలేదు.

"చెప్పలేము" అంది. "ముందే పోయి ఉండొచ్చు. పోకుండా ఉండొచ్చు. నీ పుస్తకంలో ఆ గడి ఖాళీగానే ఉండాల. ఇప్పుడు చెప్పు, బండికి ఏమి వేస్తావు?"

"ఇంజెక్షనే."

"ఇంత జరిగినాకనా?" డేనియల్ గొంతు లేచింది. "కార్బరేటర్ ఆగితే నేనేమైనా చేస్తాను అక్కా. ఇది ఆగితే లారీకి చెయ్యి ఊపేది తప్ప నాకేమి తెలుసు?"

"అది నా రెండో తప్పు. నీకు నేర్పకుండా ఇచ్చినాను. కార్బరేటర్ ఎండకు ఆగుతుంది, ఎండను నువ్వు ఆపలేవు. ఇది దూదికి ఆగింది, దూదిని ఆపొచ్చు. ముందే తెలుసుకోవచ్చు కూడా. మీటరు నీ కళ్ళ ముందు శాశ్వతంగా పెడతాను. రెండో పంపు పెడతాను, స్విచ్ నీ చేతి కింద ఉంటాది. జల్లెడను ట్యాంకు బయటికి తెస్తాను. నువ్వు విప్పి మార్చేది వచ్చిందాకా ఇక్కడే ఉంటాను."

"ఎన్ని రోజులు?"

"నీకు వచ్చిందాకా అన్నానే."

సిస్టర్ డేనియల్ వైపు చూసింది. "నడిపేది నువ్వు. నువ్వు చెప్పు."

అతను నల్ల కాగితాన్ని వేలితో తిప్పాడు. "కళ్ళు మూసుకుని మార్చేంత నేర్పల్ల. వానలో, మంచులో, వెనక మనిషి అరుస్తా ఉంటే మార్చేంత."

"కండిప్పా" అన్నాను. తప్పకుండా అని.

పదమూడు రోజులు

సింగానల్లూరులో కొత్త ట్యాంకు చేయించి, ఉతికిన గట్టి కాటన్ గుడ్డతో, రాలని గుడ్డతో, రంగసామన్న తానే తుడిచాడు. క్లినిక్‌లో నిజం చెప్పానని తెలిసి రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు నా బల్ల మీద ఒక మంచి ఒత్తిడి మీటరు పెట్టి పోయాడు. వేస్టు మూట ఆ తరువాత మా వర్క్‌షాపులో చేతులు తుడవడానికి మాత్రమే.

బండి పైకి తీసుకుపోయి క్లినిక్ వెనక గదిలో పదమూడు రోజులు ఉన్నాను. జల్లెడ మార్చడానికి డేనియల్‌కు మొదటిరోజు నలభై నిమిషాలు పట్టింది. అయిదో రోజుకు పద్దెనిమిది. పదో రోజుకు తొమ్మిది. నేను పక్కన నిలబడి, తొందరగా కానీమని, కావాలనే గట్టిగా అరిచేదాన్ని. "సీక్రం! సీక్రం!" అతను మండిపడి, "అక్కా, కాన్పు నొప్పులు కూడా ఇంత గొంతు పెట్టవు" అనేవాడు. కళ్ళకు గుడ్డ కట్టి పదకొండు నిమిషాల్లో చేశాడు. ఫ్యూజు, రిలే, వైర్ల కలుపులు, రెండో పంపు స్విచ్ అన్నీ వేలితో తడిమి చెప్పగలిగాక నేను బస్సెక్కాను.

మీటరు మీద 34 దగ్గర ఎర్ర గీత గీశాను. ఉదయం ఎక్కుడులో ఆ గీతకు దిగితే, జల్లెడ మార్చకుండా మనిషిని ఎక్కించకూడదు. అది ఒక్కటే నియమం.

ఈ లోపల తీర్పు ఒకటి చెప్పి పోతాను. కరిసల్ అనే నల్లరేగడి నేల వైపు నుంచి, కోవిల్‌పట్టి దగ్గరి రైతు ఒకాయన అట్లాంటి ఇంజిన్‌తోనే వచ్చినప్పుడు నేను కార్బరేటరే వేసిచ్చాను. ఆయన బండి సమతల నేల మీద తిరుగుతుంది, తెల్లవారి సంతకు పోయి ఎండెక్కకముందే వస్తుంది, విప్పి బిగించడం ఆయనకు సరదా. ఆయనకు ఇంజెక్షన్ ఇవ్వడం మన గొప్ప చూపించుకోవడమే. వస్తువు కొత్తదని ఎన్నుకున్నవాడూ, పాతదని వదలనివాడూ ఇద్దరూ బండిని చూడలేదు. ఆగితే ఏమవుతుంది, ఆగకముందే తెలిసే దారి ఉందా, తెలిశాక చెయ్యగల చెయ్యి బండిలో ఉందా, ఈ మూడూ చూసి ఎన్నుకోండి. ఇంజెక్షన్ ఇచ్చి ఆ చేతిని తయారుచెయ్యకపోతే మీరు సగం పనే చేశారు.

ఐప్పసి వానలు

ఐప్పసి నెలలో, దీపావళి రోజుల్లో, వానలు పట్టాయి. బస్సు మూడు రోజులు నడవలేదు. నాలుగో రోజు మధ్యాహ్నం పన్నెండుంపావుకు వర్క్‌షాపు ఫోను మోగింది. రంగసామన్న ఎత్తి, నాకిచ్చాడు. మేట్టుపాళయం ఆసుపత్రి నుంచి డేనియల్. వెనక వాన చప్పుడు.

"అక్కా, ఉదయం మీటరు 34కి దిగింది. మార్చినాను. పది నిమిషాలు. ఆ పైన పదిన్నరకు మనిషిని ఎక్కించినాము. మొదటి వంపులో 36, రెండోదాంట్లో 36, నాలుగో వంపు దాటినాక ఎక్కుడులో…"

"డేనియల్!"

"…36. రోడ్డు మీద మట్టి జారింది, అక్కడ ఇంజిన్ ఆపి ఇరవై నిమిషాలు కాచుకున్నాను, మళ్ళీ ఒక్క తిప్పుకే…"

"తంబీ, ఆమె ఎట్లుండాది? అది చెప్పు ముందు."

"బాగుండాది అక్కా. ఇద్దరూ బాగుండారు. ఆడబిడ్డ. సిస్టర్ చేతిలోనే ఉంది, మీకు ఏడుపు వినపడలేదా?"

వానలో నాకేమీ వినపడలేదు. ఫోను చెవికి ఇంకా గట్టిగా నొక్కుకున్నాను. కొంతసేపటికి వినపడింది.

తరువాత కొంగుతో చెయ్యి తుడుచుకుని, నోట్‌బుక్ దగ్గరికి లాక్కున్నాను.

"సరి. ఇప్పుడు అంకెలు మొదటి నుంచి చెప్పు."